ప్రత్యేక అవసరాలు గల పిల్లల తల్లిదండ్రుల ఉద్యమం

ప్రత్యేక అవసరాలు గల పిల్లల తల్లిదండ్రుల ఉద్యమం అనగా, వైకల్యం వలన గానీ, చదవడంలోనూ రాయడంలోనూ ఎదురయ్యే ప్రత్యేకమైన ఇబ్బందుల వలన గానీ, సాధారణ బోధనకు అదనంగా తోడ్పాటు అవసరమైన పిల్లల చదువు కొరకు వారి కుటుంబాలు, ఆ కుటుంబాల పక్షాన నిలిచే వ్యక్తులు, సంఘాలు చేస్తూ వచ్చిన కృషి. పాఠశాలలో ప్రవేశం, తగిన ఉపాధ్యాయులు, పరీక్షలలో వెసులుబాటు, తల్లిదండ్రుల అనంతరం ఆ పిల్లల సంరక్షణ అనేవి ఈ ఉద్యమం యొక్క ప్రధాన కోరికలు. 1995 నుండి 2016 వరకు భారతదేశంలో వచ్చిన వికలాంగుల చట్టాలలో ఈ కుటుంబాల ఒత్తిడి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చట్టాలు వచ్చిన తరువాత కూడా, వాటిని పాఠశాల గుమ్మం వరకు తీసుకొని వెళ్ళే పని చాలావరకు తల్లిదండ్రులదిగానే మిగిలిపోయినది. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశానికి సంబంధించినది.

పదజాలం

ఇంగ్లండులో మేరీ వార్నాక్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1978లో ఇచ్చిన నివేదికతో "ప్రత్యేక విద్యావసరాలు" అనే మాట ప్రచారంలోకి వచ్చినది. బిడ్డకు ఏ లోపం ఉన్నది అని కాక, బిడ్డ చదువుకు ఏమి కావాలి అని అడగడం ఈ మాటలోని విశేషం. మన ప్రభుత్వ ఉత్తర్వులలో "ప్రత్యేక అవసరాలు గల పిల్లలు" అనే రూపం స్థిరపడినది. అందరు పిల్లలూ ఒకే తరగతిలో చదివే పద్ధతిని సమ్మిళిత విద్య, సహిత విద్య అని వ్యవహరిస్తున్నారు.

ఇతరుల పక్షాన మాట్లాడి వారి హక్కును సాధించి పెట్టడాన్ని అడ్వొకసీ అంటారు. మన వాడుకలో "వకాల్తా పుచ్చుకోవడం" అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది. అయితే ఇక్కడ వకాల్తా పుచ్చుకొనే వ్యక్తి న్యాయవాదే కానక్కరలేదు. తోటి తల్లి కావచ్చు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త కావచ్చు.

తొలి దశ

భారతదేశంలో ప్రత్యేక పాఠశాలలలో పెక్కు ఏదో ఒక ఇంటి కష్టం నుండి పుట్టినవే. బొంబాయిలో 1944లో వకీల్ దంపతులు డౌన్ సిండ్రోమ్ గల తమ కుమార్తె కొరకు మొదలుపెట్టిన చిన్న బడి తరువాత జై వకీల్ పాఠశాలగా పెరిగినది. సెరిబ్రల్ పాల్సీ గల మాలిని చిబ్ తల్లి మిథు ఆలూర్, 1972లో అదే నగరంలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించినది. మాలిని చిబ్ ఉన్నత విద్య పూర్తి చేసి, "వన్ లిటిల్ ఫింగర్" అనే పేరుతో తన జీవిత కథను ప్రచురించినది. ఆటిజం గల కుమారుని తల్లి అయిన మేరీ బారువా 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థను ప్రారంభించినది.

ప్రభుత్వం వైపు నుండి తొలి అడుగులు మెల్లగా పడినవి. వికలాంగ బాలలను వీలైనంతవరకు సాధారణ పాఠశాలలలోనే చదివించాలని కొఠారి కమిషన్ (1964-66) సూచించినది. పుస్తకాలు, దుస్తులు, రవాణా ఖర్చులు ఇచ్చి వారిని మామూలు బడులకు పంపే కేంద్ర పథకం 1974లో వచ్చినది. పథకం ఉన్నదని తెలిసిన ప్రధానోపాధ్యాయులు కూడా ఆ రోజులలో తక్కువే. బుద్ధిమాంద్యం గల పిల్లల విషయంలోనైతే, బడి అనే ఆలోచనే సాధారణంగా వచ్చేది కాదు.

ఇటువంటి సంస్థలు చాలా కాలం విడివిడిగా, తమ ఊరి పిల్లలకు సేవ చేయడం వరకే పరిమితమైనవి. సేవతో పాటు హక్కు అనే మాట ముందుకు రావడం 1990ల నాటి మార్పు. వివిధ రాష్ట్రాల తల్లిదండ్రుల సంఘాల జాతీయ సమాఖ్య అయిన పరివార్ 1995లో ఏర్పడినది. దీని ప్రధాన కేంద్రం బెంగుళూరు.

చట్టాలు

వికలాంగుల (సమాన అవకాశాలు, హక్కుల పరిరక్షణ, పూర్తి భాగస్వామ్య) చట్టం 1995 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొంది, 1996 ఫిబ్రవరి 7 నుండి అమలులోకి వచ్చినది. ప్రతి వికలాంగ బాలునికీ 18 ఏళ్ళు వచ్చే వరకు తగిన వాతావరణంలో ఉచిత విద్య అందేలా చూడాలని దీని 26వ సెక్షను చెప్పినది. అయితే ఈ చట్టం గుర్తించినవి ఏడు రకాల వైకల్యాలు మాత్రమే. ఆ జాబితాలో ఆటిజం లేదు. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలూ లేవు. ఆ పిల్లల తల్లిదండ్రులకు చట్టం వచ్చినా తమ బిడ్డ పేరు అందులో లేనట్లే అయినది.

బుద్ధిమాంద్యం, ఆటిజం గల పిల్లల తల్లిదండ్రులను వేధించే ప్రశ్న మరొకటి ఉన్నది. "మా తరువాత వీడిని ఎవరు చూస్తారు?" ఏ ఊరిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినా చివరకు మాట ఇక్కడికే వచ్చి ఆగుతుంది. దీనికి జవాబుగా 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చినది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గలవారు దీని పరిధిలోకి వస్తారు. తల్లిదండ్రులు లేదా సంరక్షకుల మరణానంతరం వారి ఆలన పాలన ట్రస్టు లక్ష్యాలలో ఒకటిగా చట్టంలోనే రాయబడినది. కేంద్ర ప్రభుత్వం 100 కోట్ల రూపాయలు మూలనిధిగా ఇచ్చినది. ట్రస్టు బోర్డులో తల్లిదండ్రుల సంఘాల ప్రతినిధులకు ముగ్గురికి చోటు కల్పించారు. బిడ్డల గురించి తీర్మానాలు చేసే బల్ల వద్ద తల్లిదండ్రులను చట్టమే కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలైనది. దానిలో వికలాంగ బాలల ప్రస్తావన అరకొరగా ఉన్నదని వికలాంగుల సంఘాలూ తల్లిదండ్రులూ నిరసన తెలిపిన మీదట 2012లో సవరణ జరిగినది. ఈ సవరణ వికలాంగ బాలలను "ప్రతికూల పరిస్థితులలోని వర్గం"లో చేర్చినది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు గల పిల్లలకు ఇంటి వద్దనే చదువుకొనే హక్కును కూడా ఇచ్చినది. ఈ చివరి అంశంపై భిన్నాభిప్రాయాలు ఉన్నవి. మంచం పట్టిన బిడ్డకు ఇది వరమే. కానీ బడికి రాగల బిడ్డను కూడా "ఇంటి వద్దనే ఉంచండి, టీచరు వస్తారు" అని పంపివేయడానికి ఇది దారి అవుతున్నదని తల్లిదండ్రుల సంఘాల ఆరోపణ.

భారతదేశం 2007 అక్టోబరు 1న ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ధ్రువీకరించినది. దానికి అనుగుణంగా తయారైన వికలాంగుల హక్కుల చట్టం-2016, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. వైకల్యాల సంఖ్య 7 నుండి 21కి పెరిగినది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఈ జాబితాలో చేరినవి. ప్రభుత్వ సహాయం లేదా గుర్తింపు పొందిన ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా ప్రవేశం ఇవ్వాలని 16వ సెక్షను, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గల 6 నుండి 18 ఏళ్ళ పిల్లలకు సమీప పాఠశాలలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య అందాలని 31వ సెక్షను చెబుతున్నవి. ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలన్నది బడి ఇష్టం కాదు, బిడ్డ ఇష్టం.

ఇతర దేశాలలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ ఉద్యమం న్యాయస్థానాల ద్వారా ముందుకు నడిచినది. బుద్ధిమాంద్యం గల పిల్లలను ప్రభుత్వ బడులు చేర్చుకోవడం లేదని పెన్సిల్వేనియా రాష్ట్రంలోని తల్లిదండ్రుల సంఘం వేసిన దావా 1971-72లో వారికి అనుకూలంగా పరిష్కారమైనది. 1975లో వచ్చిన చట్టం ప్రతి బిడ్డకూ విడిగా ఒక విద్యా ప్రణాళిక రాయాలని, దానిని రాసే సమావేశంలో తల్లిదండ్రులు సభ్యులుగా ఉండాలని నిర్దేశించినది. అప్పటికి ఆ దేశంలో పది లక్షల మంది పిల్లలు ప్రభుత్వ బడికి పూర్తిగా దూరంగా ఉన్నారని ఆ చట్టమే పేర్కొన్నది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇటువంటి పిల్లలు ఉన్నవారికి "ఐ.ఈ.పి." అనే మాట పరిచితమే. జర్మనీలో 1958లో మార్‌బుర్గ్ నగరంలో తల్లిదండ్రులు, నిపుణులు కలిసి స్థాపించిన లేబెన్స్‌హిల్ఫె కూడా ఇటువంటిదే.

తెలుగు రాష్ట్రాలలో

జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఏర్పడడం తెలుగు ప్రాంతానికి కలిసి వచ్చినది. ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణతో పాటు, తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడం, వారు సంఘాలుగా ఏర్పడేలా ప్రోత్సహించడం కూడా ఈ సంస్థ తన పనిగా పెట్టుకున్నది. బిడ్డ చేత అన్నం తినిపించడం, బట్టలు తొడిగించడం వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పే పద్ధతి ఇక్కడి నుండి అనేక ఇళ్ళకు చేరినది. తరువాతి కాలంలో సంస్థ పేరు జాతీయ బౌద్ధిక వికలాంగుల సాధికారతా సంస్థగా మారినది.

సర్వశిక్షా అభియాన్ కాలంలో మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఏర్పడినవి. ఇక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్సు ఉపాధ్యాయులు పిల్లలకు బోధిస్తారు, ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతాయి, బడికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి చదువు చెబుతారు. 2018-19 నుండి సమగ్ర శిక్ష పథకంలో ఇటువంటి ప్రతి విద్యార్థికీ ఏడాదికి 3,500 రూపాయల కేటాయింపు, బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు ఉపకార వేతనం ఉన్నవి. పల్లెటూరి తల్లికి భవిత కేంద్రపు టీచరే మొదటి వకీలు అంటే అతిశయోక్తి కాదు. సర్టిఫికెట్టు శిబిరం ఏ రోజున ఉన్నదో, ఏ కాగితాలు తీసుకొని వెళ్ళాలో చెప్పేది ఆమెయే. బిడ్డను చంకన వేసుకొని రెండు బస్సులు మారి కేంద్రానికి వచ్చే తల్లికి చట్టం సెక్షన్ల కంటే ఆ బస్సు ఛార్జీ సమయానికి రావడమే ముఖ్యం.

ఆచరణలో

దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం వైకల్యం గల పిల్లలు 78,64,636 మంది. అయిదేళ్ళ వయసు వారిలో నాలుగింట మూడు వంతుల మంది, 5-19 ఏళ్ళ వారిలో నాలుగింట ఒక వంతు మంది ఏ విద్యాసంస్థలోనూ లేరని యునెస్కో 2019లో ప్రచురించిన నివేదిక తెలిపినది. చట్టానికీ ఈ అంకెలకూ మధ్య ఉన్న దూరంలోనే తల్లిదండ్రుల పక్షాన నిలిచేవారి పని ఉన్నది.

మొదటి అడ్డంకి చాలాసార్లు ఇంటిలోనే ఎదురవుతుంది. పెద్ద పిల్ల పెళ్ళికి అడ్డు వస్తుందని, నలుగురిలో నామోషీ అని, సర్టిఫికెట్టు తీసుకోవడానికే ఇష్టపడని కుటుంబాలు ఉన్నవి. "వాళ్ళ నాన్నకి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని నాయనమ్మ చెప్పే ధైర్యం వలన రెండు మూడు విలువైన సంవత్సరాలు గడిచిపోతాయి. ఇక్కడ వాదన పనిచేయదు. అదే దారిలో నడిచిన మరొక తల్లి వచ్చి కూర్చొని మాట్లాడితేనే పని జరుగుతుంది. తల్లిదండ్రుల సంఘాల అసలు బలం ఇదే.

తరువాతిది వైకల్య ధ్రువపత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుండి దీనిని జనం సదరం సర్టిఫికెట్టు అనే పిలుస్తున్నారు. దేశవ్యాప్తంగా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు తరువాత వచ్చినది. కాలో చెయ్యో లేనివారికి ధ్రువీకరణ సులువు. అభ్యసన వైకల్యం బయటకు కనిపించదు. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం దీనిని 8 ఏళ్ళ వయసు నిండిన తరువాతనే ధ్రువీకరిస్తారు, 14, 18 ఏళ్ళ వయసులలో మరల పరీక్షిస్తారు. అప్పటివరకు ఆ బిడ్డ మొద్దు అనో, సోమరి అనో పేరు మోస్తూ ఉంటాడు. 2007లో వచ్చిన తారే జమీన్ పర్ హిందీ చలనచిత్రం తరువాత డిస్లెక్సియా అనే మాట సామాన్యులకు కూడా తెలిసినది గానీ, ఆ అవగాహన నగరాలు దాటి ఎక్కువ దూరం పోలేదు.

ప్రవేశం విషయంలో పాఠశాలలు ముఖం మీద "చేర్చుకోము" అని చెప్పడం అరుదు. "మా దగ్గర స్పెషల్ టీచరు లేరమ్మా, మీ బాబే ఇబ్బంది పడతాడు, మీ మంచికే చెబుతున్నాను" అని మర్యాదగా చెబుతారు. తల్లి తలవంచుకొని వెనుదిరుగుతుంది. తిరస్కరించినట్లు ఎక్కడా నమోదు కాదు. ఇటువంటి సందర్భంలో అనుభవజ్ఞులు ఇచ్చే సలహా ఒక్కటే: దరఖాస్తును రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్లు సంతకం తీసుకోవాలి. "ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వండి సార్" అని వినయంగా అడగాలి. రాసి ఇవ్వవలసి వచ్చేసరికి చాలామంది చేర్చుకొంటారు. ఇది ఉపాధ్యాయ లోకానికి గౌరవం తెచ్చే విషయం కాకపోయినా చెప్పక తప్పదు. అరవై మంది ఉన్న తరగతిని ఒక్కరే నెట్టుకొస్తున్న ఉపాధ్యాయుని భయం కూడా అబద్ధం కాదు. కానీ ఆ భయానికి మూల్యం బిడ్డ చెల్లించకూడదు.

అప్పటికీ పని జరగకపోతే మండల విద్యాధికారికి, ఆపైన రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చును. సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాలలో కమిషనరుకు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నవి. చట్టాన్ని ఉల్లంఘించినవారికి మొదటిసారి 10,000 రూపాయల వరకు, తరువాత 50,000 నుండి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. న్యాయసేవల ప్రాధికార చట్టం-1987 ప్రకారం బాలలకూ, వికలాంగులకూ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. దీని కొరకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇస్తే చాలును. ఈ సంగతి తెలియక అప్పు చేసి వకీలును పెట్టుకున్నవారు ఉన్నారు. ప్రభుత్వ బడిలోని యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది, ప్రతికూల వర్గాల పిల్లల తల్లిదండ్రులకు అందులో దామాషా ప్రకారం చోటు ఉండాలన్నది విద్యాహక్కు చట్టంలోని నియమం. 2012 సవరణ తరువాత వికలాంగ బాలల తల్లిదండ్రులు కూడా ఈ కోవలోకి వస్తారు. ఎన్నికల నాడు దీనిని గుర్తు చేసేవారు లేక ఈ చోటు చాలా బడులలో వృథా అవుతున్నది.

పదవ తరగతి పరీక్షలకు వెసులుబాట్లు ఉన్నవి: స్క్రైబు సహాయం, అదనపు సమయం, కొన్ని బోర్డులలో ఒక భాష నుండి మినహాయింపు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గరాదు. నామినల్ రోల్స్ పంపే సమయానికే ధ్రువపత్రం జతచేసి అడగాలి. హాల్ టికెట్టు వచ్చిన తరువాత పరుగెత్తితే ఆ ఏడాది పోయినట్లే.

బిడ్డకు 18 ఏళ్ళు నిండిన రోజున తల్లిదండ్రులు సహజ సంరక్షకులు కాకుండా పోతారు. బ్యాంకులో సంతకం వద్ద ఈ సంగతి మొదటిసారి తెలిసి నివ్వెరపోయేవారు ఎందరో. జాతీయ ట్రస్టు చట్టం పరిధిలోని వారికి జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. ఈ దరఖాస్తుకు కోర్టుకు వెళ్ళనక్కరలేదు.

న్యాయస్థానాలలో

సాధారణ పాఠశాలలలో ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతపై 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు ఇచ్చినది. ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు, ఆపై తరగతులలో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని పేర్కొన్నది. మూడేళ్ళు గడిచినా పలు రాష్ట్రాలు పోస్టులను గుర్తించనైనా లేదు. 2025 మార్చిలో అదే న్యాయస్థానం పోస్టులను ప్రకటించి భర్తీ చేయాలని మరల ఆదేశించవలసి వచ్చినది.

అదే 2021 నవంబరులో మరొక తీర్పు వచ్చినది. డిస్‌గ్రాఫియా గల ఒక విద్యార్థినికి వైద్యవిద్య ప్రవేశ పరీక్ష అయిన నీట్‌లో ఒక గంట అదనపు సమయం పొందే హక్కు ఉన్నది. పరీక్ష కేంద్రంలోని సిబ్బందికి ఆ నియమం తెలియక మూడు గంటలకే ఆమె జవాబు పత్రం తీసుకున్నారు. జరిగినది అన్యాయమేనని, పరీక్ష నిర్వహించే సంస్థ బాధ్యత తప్పించుకోజాలదని కోర్టు చెప్పినది. కానీ లక్షల మంది రాసిన పరీక్షను ఒక్కరికి మరల పెట్టమనలేదు, ఆమెకు పరిహారంగా ఏమి చేయవచ్చునో వారం రోజులలో ఆలోచించమని సంస్థను ఆదేశించినది. నియమం రాసినవారికీ, పరీక్ష గదిలో నిలబడిన వ్యక్తికీ మధ్య ఎంత దూరం ఉన్నదో ఈ కేసు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

అభిప్రాయ భేదాలు

ఈ పిల్లలు ప్రత్యేక పాఠశాలలో చదవాలా, అందరితో కలిసి చదవాలా అన్న విషయంలో తల్లిదండ్రులలోనే ఏకాభిప్రాయం లేదు. బధిర బాలల తల్లిదండ్రులలోనూ, బధిరుల సంఘాలలోనూ సంజ్ఞా భాష వాడే ప్రత్యేక పాఠశాలల వైపు మొగ్గు ఎక్కువ. పేరుకు సాధారణ బడిలో చేర్చి వెనుక బల్లపై కూర్చోబెట్టి వదిలివేయడాన్ని సమ్మిళిత విద్య అనడం సరికాదని రెండు పక్షాల వారూ అంగీకరిస్తారు.

ఉద్యమ నాయకత్వం చాలావరకు నగరవాసులైన, ఇంగ్లీషు చదువుకున్న కుటుంబాల చేతులలో ఉన్నదనే విమర్శలో వాస్తవం ఉన్నది. అభ్యసన వైకల్యం కొరకు పనిచేసే సంఘాలు ముంబై, చెన్నై వంటి నగరాలలో 1990లలోనే వచ్చినవి. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవానికి ఒత్తులు, గుణింతాలు ఎందుకు పట్టుబడడం లేదో పరీక్షించే సాధనాలు మాత్రం ఇంకా అరుదు. ఈ పనిభారమంతా తల్లుల పైననే పడుతున్నది. బిడ్డ కొరకు ఉద్యోగం మానినవారు తల్లులే, కార్యాలయాల చుట్టూ తిరిగేవారూ తల్లులే.

మరొక భేదం ఇంకా లోతైనది. తల్లిదండ్రులు బిడ్డల తరఫున మాట్లాడుతూ వచ్చారు. ఆ బిడ్డలు పెద్దవారై "మా మాట మేమే చెబుతాము" అంటున్నారు. ఐక్యరాజ్య సమితి ఒడంబడిక 12వ అధికరణం వికలాంగులకు చట్టం ముందు ఇతరులతో సమానమైన స్థాయిని గుర్తించినది. జాతీయ ట్రస్టు చట్టంలోని సంరక్షకత్వం దీనికి విరుద్ధమని కొందరి వాదన. 2016 చట్టం తన 14వ సెక్షనులో పరిమిత సంరక్షకత్వం అనే మధ్యేమార్గం చూపినది. దాని ప్రకారం సంరక్షకుడు వికలాంగునితో సంప్రదించి, ఒక నిర్దిష్ట విషయం వరకు, నిర్దిష్ట కాలం వరకు మాత్రమే కలిసి నిర్ణయం తీసుకోవాలి. రెండు చట్టాలూ నేటికీ పక్కపక్కనే అమలులో ఉన్నవి. పరివార్ సంస్థ బుద్ధిమాంద్యం గల యువతీ యువకుల కొరకు విడిగా ఒక వేదికను ఏర్పరచినది. అక్కడ మైకు ముందు నిలబడేది వారే, తల్లిదండ్రులు ప్రేక్షకులలో కూర్చుంటారు.